అడుగు పూత

సురేంద్రబాబు మాట తప్పే మనిషని మాల్యాద్రి ఆత్మకూరులో ఎవరితో చెప్పుకున్నా కాదనేవాళ్లు లేరు, అవుననేవాళ్లూ లేరు. వింటారు, టీ తాగుతారు, పోతారు. ఉదయగిరి రోడ్డులో మాల్యాద్రి రంగుల పని చేసుకునే రేకుల షెడ్డున్న స్థలం సురేంద్రబాబుది. ఆయన ట్రాక్టర్లకూ, ట్రాలీలకూ, మిల్లు గేట్లకూ, ఇంటి కిటికీలకూ రంగేసినందుకు తొమ్మిదేళ్లుగా మాల్యాద్రి కూలి తీసుకోలేదు. ఆ కూలి కింద షెడ్డు స్థలం రాసిస్తానన్నాడు సురేంద్రబాబు. మొదటిసారి పంట రానీ అన్నాడు. రెండోసారి కూతురి పెళ్లి కానీ అన్నాడు. మూడోసారి ఎలక్షన్లు పోనీ అన్నాడు. పంట వచ్చింది, పెళ్లయింది, ఎలక్షన్లూ పోయాయి.

నాలుగోసారి పడవ తెచ్చాడు.

మంగళవారం పొద్దున ట్రాక్టర్ ట్రాలీ మీద బోర్లా వేసి, తాళ్లతో బిగించి, సోమశిల నుంచి తోలించాడు. పదహారడుగుల సత్తు పడవ, అల్యూమినియం రేకుది. ఏనాడో పాత సామాను వేలంలో ఎవరో కొని, రిజర్వాయరు గట్టు మీద కంపచెట్ల కింద పారేసి మర్చిపోయారు. ఆ మనిషి దగ్గర సురేంద్రబాబు తీసుకున్నాడు. ట్రాలీ వెనకే కారు దిగి వచ్చి పడవ డొక్క మీద అరచేత్తో కొట్టాడు. డబ్బా మోగినట్టు మోగింది.

"ఇదేందన్నా, సత్తు గిన్నె మాదిరి ఉండాది," అన్నాడు మాల్యాద్రి.

"గిన్నే అనుకోరా. మనుషుల్ని పట్టే గిన్నె. అవతలి గట్టు మేతకు జీవాలు తోలుకపోయే వాళ్లు చుట్టూ తిరిగిపోలేక చస్తుండారు. మేకలు, గొర్రెలు, మనుషులు, ఏదైనా ఎక్కించుకోవచ్చు. ఆదివారాలు చూసేదానికొచ్చే జనం సరే సరి. ఇంజను తెప్పించినా. రాజమోహన్ తోల్తాడు. నువ్వు దీన్ని కొత్తది చెయ్యాల."

"ఎప్పటికి?"

"ఆదివారం సాయంత్రం నీళ్లలో ఉండాల. సోమవారం మంచిరోజు, మొదటి ట్రిప్పు పెట్టుకున్నాం. అదే సోమవారం నువ్వూ నేనూ రిజిస్ట్రారాఫీసులో కూర్చుందాం. పడవ నీళ్లలో దిగిందంటే స్థలం నీది."

మాల్యాద్రి తల ఊపాడు. సంతోషం రాలేదు. కోపం కూడా రాలేదు. పంటి మీద సూదిమందు వేసినప్పుడు పెదవి ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది లోపల.

మధ్యాహ్నం చెంచమ్మ క్యారియర్ తెచ్చింది. మొగుడు అన్నం తింటుంటే పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఈసారన్నా రాయిస్తాడంటావా?"

"రాయించడు."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"ఒప్పుకోకపోతే షెడ్డు ఖాళీ చెయ్యమంటాడు."

"ఆ మాట ఆయన అన్నాడా?"

"అనడు. అనకుండానే చేస్తాడు."

చెంచమ్మ మజ్జిగ పోసింది.

మాల్యాద్రి మంగళవారం రంగు ముట్టడు. గీకుడు పని రంగు కిందికి రాదని గీకే రేకు తీసుకుని మొదలుపెట్టాడు. పైన నీలం. దాని కింద తెలుపు. దాని కింద పసుపో, తెలుపే మాగి పసుపయిందో తెలియని రంగు. కొన్నిచోట్ల మూడు పొరలూ ఉల్లిపొట్టులా ఒకేసారి లేచి వచ్చాయి. కొన్నిచోట్ల తారులా కరుచుకుని, రేకు వంగిపోయింది కానీ పొర కదల్లేదు. ఎవరో మారాజు సగం చోట్ల పాత పూత మీదే కొత్తది పూసిపోయాడు. పూత లేచిన చోట కింద తెల్లటి పొడి. వేలితో తుడిస్తే సున్నంలా అంటుకుంది. పొడి తుడిచేస్తే అడుగున అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు. ఇనుప బోల్టు బిగించిన ప్రతిచోటా చుట్టూ సత్తును తినేసి ఉంది. సాయంత్రానికి అతని కనురెప్పల మీద కూడా నీలం పొడి పడింది.

బుధవారం అరచేయంత చోటు ఎమిరీ కాయితంతో రుద్ది, ఇనుముకు పూసే రెడాక్సైడు పూశాడు. ఎండాక పైన ఎనామిల్ వేశాడు. చూడ్డానికి అద్దంలా ఉంది. గురువారం పొద్దున దాని మీద టేపు ముక్క అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కి, ఒక్క లాగు లాగాడు. పూత మొత్తం టేపుతో పాటు వచ్చేసింది. కింద సత్తు, ఏమీ జరగనట్టు, మెరుస్తూ ఉంది.

ఆశ్చర్యపోలేదు. కుర్రతనంలో నెల్లూరు బస్సు బాడీల షెడ్డులో ఉన్నప్పుడు మేస్త్రీ చెప్పిన మాట గుర్తుంది. సత్తుకు దాని పొర అదే కట్టుకుంటుంది. దాన్ని రుద్ది తీసిన గంటలోపల ప్రైమరు పట్టించాలి, టీకి పోయి వస్తే మళ్లీ పొర కట్టేస్తుంది. ఆ ప్రైమరు కూడా ఇనుముది కాదు. రెండు డబ్బాలు కలిపేది, సత్తును కొరికి పట్టుకునేది.

సురేంద్రబాబుకు ఫోన్ చేశాడు.

"వేరే ప్రైమరు కావాలన్నా. ఈడ దొరకదు. నెల్లూర్లో ఉంటాది."

"పేరు చెప్పు, డ్రైవరు నెల్లూర్లోనే ఉండాడు. ఎంత కావాల?"

"తెప్పించండి, చూద్దాం."

ఎంత కావాలో అతనికి తెలుసు. రెండు సెట్లు కావాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నోరు తెరిచి అడగడం చేతనయితే తొమ్మిదేళ్లు కూలి లేకుండా చేసేవాడా?

సాయంత్రం డ్రైవరు ఒక్క సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. మాల్యాద్రి డబ్బాలు ఎత్తి బరువు చూశాడు. పడవ పక్కలకు సరిపోతుంది. అడుగుకు రాదు. ఇదీ అంతే, అనుకున్నాడు. ఫోన్ జేబులోనే ఉంది. తియ్యలేదు.

*

శుక్రవారం చెంచమ్మ ఇంట్లోంచి దోసెడు చింతపండు పిసికిన నీళ్లు బొక్కెనలో తెచ్చింది.

"ఏంది, పడవకు పులుసు పెడతావా?" అన్నాడు మాల్యాద్రి.

"సత్తు గిన్నెలు నువ్వు తోమినావా, నేను తోమినానా? జిడ్డు పోవాలంటే ఇదే. నీ థిన్నరు జిడ్డును ఈడ నుంచి ఆడికి పూస్తాదంతే."

ముందు నవ్వాడు. ఒక మూల రుద్ది చూశాక నవ్వు ఆపాడు. కొబ్బరి పీచుతో చింతపులుసు పట్టించి, నీళ్లు కొట్టి, పాత చీర గుడ్డతో తుడిస్తే సత్తు తెల్లగా, కాస్త గరుగ్గా వచ్చింది. గోరు ఆనిస్తే జారడం లేదు. ఆలుమగలిద్దరూ పడవ పక్కలు జానాబెత్తెడు చొప్పున పంచుకున్నారు. ఆమె తోమడం, కడగడం. అతను తుడిచి, ఎండకు చూసి, ఎమిరీ తిప్పి, వెంటనే ప్రైమరు చిమ్మే గన్ను పట్టడం. మధ్యలో టీ లేదు. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోలేదు. "ఈడ." "ఇంకొంచెం." "చాల్లే." అంతే. పక్కలు రెండూ అయ్యేసరికి పొద్దు వాలింది. పసుపచ్చటి ప్రైమరు పల్చగా, సమంగా పరుచుకుంది. శనివారం పొద్దున టేపు అంటించి లాగాడు. టేపు ఒట్టిదే వచ్చింది. ఇంకోచోట లాగాడు. ఒట్టిదే.

ఎన్నో ఏళ్ల తర్వాత చేసిన మంచి పని అది. పక్కన చెంచమ్మ లేదు చూపించడానికి. గొర్రె పిల్లలకు మందు పోయించాలని ఇంటికి పోయింది.

పక్కలకు నీలం ఎనామిల్ కొట్టేశాడు. ఇక మిగిలింది అడుగు. బోర్లించిన పడవ రెండు ఎత్తు బల్లల మీద ఉంది. లోపలి వైపు ఎట్లా ఉందో చూద్దామని గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా దాని కిందికి దూరాడు. లోపల చీకటి, వేడి, చేపల వాసన. కళ్లు అలవాటు పడ్డాక నడుమ అతుకు వెంట వెలుగు కనిపించింది. సూదిమొన బెజ్జాలు. పాత ఇనుప పట్టీ కరుచుకుని ఉన్నంత మేర సత్తు పల్చబడి, పదకొండు చోట్ల ఎండ లోపలికి వస్తోంది. ఒకదాని మీద వేలు పెట్టి నొక్కితే చుట్టూ ఉన్న లోహం పాపడంలా చిట్లి బెజ్జం పెద్దదయింది. వేలు తీసేసుకున్నాడు.

ఇది రంగు పని కాదు. సత్తుకు వేసే వెల్డింగు వేరు, దానికి గ్యాసు వేరు, అది నెల్లూరు తీసుకుపోవాలి. తీసుకుపోతే రెండు రోజులు. ఆదివారం దాటుతుంది. సోమవారం దాటుతుంది. సోమవారం దాటితే ఇంకేదో కానీ అంటాడు సురేంద్రబాబు. వానలు పోనీ అంటాడు.

మాల్యాద్రి చాలాసేపు అట్లాగే పడుకుని ఉన్నాడు. రోడ్డు మీద ఉదయగిరి బస్సు పోయింది. దాని అదురుకు సత్తు చిన్నగా గీపెట్టింది. బయటికి వచ్చాక బల్ల మీద లప్పం డబ్బా తీసి, గట్టిపడే మందు కలిపాడు. లారీ తలుపుల సొట్టలు పూడ్చే లప్పం. రేకుతో అతుకు పొడవునా పెట్టాడు. ఒక పూత, దాని మీద ఇంకో పూత. ఆరాక నీటి కాయితంతో నున్నగా రుద్దాడు. చెయ్యి పెడితే అతుకు ఉన్నట్టే తెలియలేదు. చింతపులుసు లేదు, కడగడం లేదు. మిగిలిపోయిన రెడాక్సైడు అడుగంతా కొట్టాడు. ఇదంతా చేసేటప్పుడు ఆలోచన ఏమీ లేదు. ఆయన నాకు చేసిందేంది, నేను చేసేదేంది అన్న ఒక్క మాట పాట పల్లవిలా లోపల తిరుగుతూ ఉంది, అంతే.

రెడాక్సైడు తడిగా ఉండగానే రాజమోహన్ బండి దిగాడు. ఇంజను బిగించే చోటు కొలుచుకోవడానికి సోమశిల నుంచి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వలకట్టు గీతలున్న చేతులు.

"మాల్యాద్రన్నా! పెళ్లికొడుకును చేసినావు గదా దీన్ని. పక్కలు చూడు, మొహం కనపడతాంది."

"నీ మొహం నీకు కనపడితే భయపడతావు, దూరంగా ఉండు. తడి."

"మా ఆడది తొలి ట్రిప్పుకు తానూ వస్తానంటాంది. మా నాయనోళ్ల ఊరు ఆ నీళ్ల అడుగునే గదా. పైన నుంచైనా చూస్తాదంట. చూసేదానికి ఏముంటాది, నీళ్లే." కొలత టేపు బిగిస్తూ అడిగాడు. "ఈత రాదు దానికి. నేనంటే ఏట్లో పుట్టినోణ్ణి. అడుగేమన్నా కారతాదా అన్నా?"

"కారదు."

"చూసినావా?"

"చూసినా."

రాజమోహన్ కొలతలు ఫోన్‌లో రాసుకున్నాడు. పోతూ పోతూ పడవ ముక్కును, తడి లేనిచోట, రెండు వేళ్లతో తట్టి పోయాడు.

*

ఆదివారం సాయంత్రం సోమశిల గట్టు కింద పడవను నీళ్లలోకి తోశారు. పక్కల నీలం మీద తెల్ల పట్టీ ఎండకు తళతళలాడింది. సురేంద్రబాబు కొబ్బరికాయ కొట్టాడు. ఇంజను ఒకసారి దగ్గి పట్టుకుంది. రాజమోహన్ ఒడ్డు వెంబడే చిన్న చుట్టు తిప్పి తెచ్చి కట్టేశాడు. చప్పట్లు కొట్టేంత మంది లేరు. ఇద్దరు మేకల కాపరులు, చేపలు తూకం వేసే రెబెకమ్మ, అంతే.

"ఎన్ని జీవాలు పడతాయి?" అని అడిగాడు ఒక కాపరి.

"మనుషులతో కలిపి ఇరవై," అన్నాడు సురేంద్రబాబు. "పొద్దున పదకొండుకంతా ఈడుండండి."

మాల్యాద్రి ఒడ్డున రాతి మీద కూర్చుని పడవ అడుగు నీళ్లను తాకే గీతనే చూస్తున్నాడు. లప్పం రెండు రోజులు నిలబడుతుంది. వారం నిలబడుతుందేమో. ఖాళీ పడవయితే ఇంకా ఎక్కువే. ఇరవై ప్రాణాల బరువు పడి అడుగు వంగితే సత్తు వంగుతుంది, లప్పం వంగదు.

సురేంద్రబాబు వచ్చి పక్కనే నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి ఇచ్చాడు.

"చూసుకో. దస్తావేజు వెంకటరమణయ్య రాసినాడు. నీ పేరు, మీ నాయన పేరు, ఆధార్ నంబరు సరిగ్గా ఉండాయా చూడు. రేపు పదకొండు గంటలకు మన నంబరు."

మాల్యాద్రి కాగితం పట్టుకున్నాడు. అక్షరాలు కనిపించాయి కానీ మాటలుగా కలవలేదు. అతని పేరు ఉంది. నాయన పేరు ఉంది.

"ఏంరా, మాట్లాడవే? రాయించననుకున్నావా?"

"అట్టేం లేదన్నా."

"అనుకునే ఉంటావులే. ఆలస్యం చేసినా. అన్నదమ్ముల భాగాలు తేలక చేసినా. ఆ సంగతి నీకు చెప్పుకునేదేంది అని చెప్పలేదు." సురేంద్రబాబు పడవ వైపు చూస్తూ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అవునూ, ఆ ప్రైమరు ఒక్క సెట్టే తీసుకున్నావంట? నేను రెండు సెట్లు తెప్పించినా. రెండోది డిక్కీలోనే ఉండాది. డ్రైవరు మొద్దు, ఒక్కటే దించినాడు. చాలకుంటే అడుగుతావులే అనుకున్నా. చాలిందా?"

రెబెకమ్మ తూకం రాళ్లు సంచిలో వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"చాలింది," అన్నాడు మాల్యాద్రి.

*

సోమవారం రిజిస్ట్రారాఫీసు వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. చెంచమ్మ కొత్త చీర కట్టుకుంది, సంతకం అవసరం లేదని చెప్పినా వచ్చింది. తను తెచ్చిన మజ్జిగ సీసా ముందు సురేంద్రబాబుకు ఇచ్చింది, ఆయన రెండు గుటకలు తాగి తిరిగి ఇచ్చాడు. వీళ్లకంటే ముందు రెండు నంబర్లున్నాయి. దస్తావేజులు రాసే వెంకటరమణయ్య లోపలికీ బయటికీ తిరుగుతూ, "వేలిముద్రకు వేళ్లు శుభ్రంగా ఉండాలయ్యా, నీ చేతికి రంగు ఉండాది, మిషను పట్టదు," అని మాల్యాద్రిని తొందరపెట్టాడు. అతను కుళాయి దగ్గర సబ్బుతో రుద్దుకుని వచ్చాడు. గోళ్ల సందుల్లో ఎర్రటి రెడాక్సైడు పోలేదు.

పదకొండుకు పది నిమిషాలున్నప్పుడు సురేంద్రబాబు ఫోన్ మోగింది. స్పీకరు మీట నొక్కి పట్టుకున్నాడు, చెవి సరిగ్గా వినపడదు ఆయనకు.

"అన్నా, అందరూ వచ్చినారు." రాజమోహన్ గొంతు వెనక మేకల అరుపులు. "మనుషులు ఎనిమిది మంది, జీవాలు పన్నెండు. మా ఆడది ముందే ఎక్కి కూర్చున్నాది. తియ్యమంటారా?"

"తియ్యి. నడిమికి పోయేటప్పుడు నిదానం."

"అడుగున కొంచెం తడి ఉండాది. రాత్రి మంచు అనుకుంటా. చెంబుతో ఎత్తేసినా."

రాత్రి మంచు లేదు. ఎండాకాలం వచ్చి ఎన్నాళ్లయింది. మాల్యాద్రి వెంకటరమణయ్య చేతిలోని కాగితాలు చూశాడు. లోపలి నుంచి ముందు నంబరు వాళ్లు బయటికి వస్తున్నారు. ఇంకొక్క నంబరు. పావుగంట. పావుగంటలో పడవ రిజర్వాయరు నడిమికి పోతుంది.

"అన్నా, ఆపమనండి," అన్నాడు.

"ఏందీ?"

"పడవ. తియ్యొద్దని చెప్పండి."

సురేంద్రబాబు అతని ముఖం చూశాడు. ఇంకేమీ అడగకుండా ఫోన్‌లోకి అన్నాడు. "రాజమోహన్, తియ్యబాక. అందర్నీ దించు. ఇప్పుడే దించు, తర్వాత మాట్లాడతా." ఫోన్ పెట్టేసి, బెంచీ మీద మాల్యాద్రి వైపు తిరిగి కూర్చున్నాడు. "చెప్పు."

చెప్పాడు. అతుకు, ఇనుప పట్టీ, పదకొండు బెజ్జాలు, లప్పం, రెడాక్సైడు. ఎవరి పనో చెబుతున్నట్టు, వేసింది వేసినట్టు, వరసన చెప్పాడు. చెంచమ్మ చేతిలోని సీసా మూత బిగిస్తూనే ఉంది. అది ఎప్పుడో బిగిసిపోయింది.

"బెజ్జాలు ఎప్పుడు చూసినావు?"

"శనివారం."

"శనివారం నాకు ఫోన్ చేస్తే ఏమయ్యుండేది?"

"ఇంకో రోజు పెడతారనుకున్నా. ఎప్పుడూ పెట్టినట్టే."

ఫోన్ మళ్లీ మోగింది. "అన్నా, అందర్నీ దించేసినా." రాజమోహన్ గొంతు ఈసారి సన్నగా ఉంది. "అడుగు పలక ఎత్తి అతుకు మీద గోరుతో గీకితే సత్తు చిట్లింది, కింద పెట్టిన లప్పం పెళ్లగా ఊడిపోయింది. నీళ్లు చిమ్ముతుండాయి. మాల్యాద్రన్న పక్కన ఉంటే ఒకసారి ఫోన్ ఇయ్యండి."

సురేంద్రబాబు ఫోన్ చాపాడు. మాల్యాద్రి తీసుకోలేదు. అటువైపు రాజమోహనే పెట్టేశాడు.

"సురేంద్రబాబు గారూ, మీ నంబరు," వెంకటరమణయ్య తలుపు దగ్గర నుంచి పిలిచాడు.

సురేంద్రబాబు లేచాడు. కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. మాల్యాద్రి దగ్గర తొమ్మిదేళ్ల మాటలు సిద్ధంగా ఉన్నాయి. పంట, పెళ్లి, ఎలక్షన్లు, అన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. 

"ఈ పొద్దు ఒద్దులే వెంకటరమణయ్యా. తర్వాతోళ్లను పిలువు." పంచె కుచ్చిళ్లు సర్దుకుని మాల్యాద్రితో అన్నాడు. "నేను నిన్ను నమ్మే కాయితం రాయించినా. నువ్వు నన్ను నమ్మక లప్పం పెట్టినావు. పడవను రేపు షెడ్డుకు తోలిస్తా. గీకు. నెల్లూరు తీసకపోయి వెల్డింగు చేయించుకురా. రెండో సెట్టు తీసుకుని మళ్లీ మొదటి నుంచి వెయ్యి. దానికి కూలి ఇస్తా. తీసుకో. స్థలం మాట మాత్రం ఇంక ఎత్తబాక."

మెట్లు దిగి కారెక్కాడు. కారు తిరిగి సంగం రోడ్డు వైపు పోయింది.

"కూలి ఇస్తానన్నాడు," అంది చెంచమ్మ. అది ఎత్తిపొడుపో, ఓదార్పో మాల్యాద్రికి తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. "రాజమోహన్ పెండ్లాం దిగినాదంట గదా."

"దిగినాది."

"అయితే లెయ్యి."

అతను లేవలేదు. వెంకటరమణయ్య వచ్చి, చిత్తు కాపీ ఒకటి తన సంచిలో బరువెందుకనో ఏమో, బెంచీ మీద పెట్టి పోయాడు. ఫ్యాను గాలికి ఎగురుతుంటే మాల్యాద్రి చెయ్యి ఆనించాడు. నిన్న కలవని అక్షరాలు ఇవ్వాళ కలిశాయి. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువుతో, వేలు కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. తూర్పు, ఉదయగిరి రోడ్డు. దక్షిణం, సురేంద్రబాబు గారి ఖాళీ స్థలం. పడమర, పంట బోదె. ఉత్తరం, మాధవ్ గారి టైర్ల అంగడి గోడ. ఈ నాలుగు హద్దుల నడుమ, రేకుల షెడ్డుతో సహా, పద్నాలుగున్నర అంకణాల స్థలం.